నల్ల మచ్చ నిండే వేగం

నవంబర్ 18

మచ్చ నిండలేదు.

పొద్దున్నుంచి చీకటి గదిలోనే. పొర బాగానే పరుచుకుంది, రంగు బాగానే వెలిగింది. లేజరుతో చిన్న గుండ్రం కాల్చాను. నల్లగా అయింది. ఆ తర్వాత చుట్టూ ఉన్న వెలుగు మెల్లగా లోపలికి జరిగి ఆ నలుపును నింపాలి. జరగలేదు. కళ్లు మండేదాకా చూశాను. ఏప్రిల్‌లో ఇదే మందు వేసిన పొర నిమిషం తిరక్కుండా నిండిపోయేది.

రివ్యూయర్లు అడిగింది ఒక్కటే... మద్ది బెరడు మందు వేసిన పొరను ఇంకొక్కసారి కొలిచి చూపించండి అని. మిగతాదంతా బాగుందట. జనవరి సగానికల్లా జవాబు పంపాలి. ఆ పేపరు అచ్చయితేనే యూనివర్సిటీ నా థీసిస్ తీసుకుంటుంది. రిజిస్ట్రేషన్ గడువు మార్చితో సరి. నా గైడు సార్ రిటైర్మెంటు జనవరి ఆఖరున. అన్నీ ఒకేచోటికి వచ్చి నిలబడ్డాయి.

రేపు మళ్లీ.

నవంబర్ 19

నిండలేదు.

నవంబర్ 21

జగిత్యాల నుంచి డిగ్రీ పిల్లలు కరీంనగర్‌లో మా ల్యాబు చూడడానికి వచ్చారు. చీకటి గదిలోకి నలుగురు చొప్పున. ప్రతి నలుగురికీ అదే పాఠం. మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ నూనె లాంటి పలచని పొర ఉంటుంది. ఆ పొరలో అణువులు అటూ ఇటూ తిరగగలిగితేనే కణం బతుకుతుంది. ఎంత వేగంగా తిరుగుతున్నాయో మామూలుగా కనబడదు. అందుకని గాజు మీద అలాంటి పొరే పరిచి, కొన్ని అణువులకు వెలిగే రంగు తగిలించి, ఒకచోట లేజరుతో ఆ రంగు చంపేస్తాం. నల్ల మచ్చ పడుతుంది. చుట్టుపక్కల వెలిగేవి తిరుగుతూ తిరుగుతూ అందులోకి వస్తాయి, మచ్చ నిండుతుంది. తొందరగా నిండితే పొర మెత్తగా పారుతున్నట్టు. నిండకపోతే గడ్డకట్టినట్టు.

ఒక అమ్మాయి అడిగింది — "అక్కా, మరి రంగు సచ్చినయ్ ఏడికి పోతయి?"

అవీ తిరుగుతూ బయటికి పోతాయి, మనకు కనబడవు అంతే అన్నాను. ఆ అమ్మాయి తెర దగ్గరే నిలబడిపోయింది. మిగతా ముగ్గురూ సెల్ఫీకి వెలుతురు చాలట్లేదని గొణుక్కున్నారు.

మా పేపరు సంగతి కూడా చెప్పాను. గట్టి పొరలో మద్ది బెరడు మందు కాస్త వేస్తే పొర పారడం మొదలెడుతుంది, అని. చప్పట్లు కొట్టారు. వాళ్ల ముందు మాత్రం పాత వీడియోనే చూపించాను. ఏప్రిల్‌ది.

నవంబర్ 24

సార్‌కు చెప్పాను. చాయ్ తాగుతూ విన్నారు. "రంగు పాతదై ఉంటది. కొత్త సీస తియ్యి. గింత దానికే పరేషాన్ అయితే ఎట్ల బిడ్డా?"

కొత్త సీసా తీశాను. నిండలేదు.

నవంబర్ 26

గాజు పలకలు ఆసిడ్‌లో నానబెట్టి మళ్లీ కడిగాను. పొరకు వాడే కొవ్వు కొత్తగా కలిపాను — ఒకటి తొందరగా కరిగేది, ఒకటి ఆలస్యంగా కరిగేది, ఎప్పటి పాళ్లలోనే. పొద్దున మందు లేని పొర, అన్నం తిన్నాక మందు వేసిన పొర. మా ల్యాబులో ఇది ఆచారం. మందు ఒకసారి పొర పెట్టే గిన్నెకు అంటుకుంటే వదలదు, తర్వాత పెట్టిన పొరను పాడు చేస్తుంది. అందుకే మందుది ఎప్పుడూ మధ్యాహ్నమే. నాకంటే ముందు పనిచేసిన అక్క నేర్పింది, ఆమెకు సార్ నేర్పారు.

పొద్దుటిది గట్టిగా ఉంది. ఉండాల్సిందే. మధ్యాహ్నంది కూడా గట్టిగానే ఉంది. ఉండకూడదు.

నవంబర్ 30

రంగు కాదు. గాజు కాదు. కొవ్వు కాదు. ఇక మిగిలింది మందు. పాడైపోయి ఉంటుంది. ఆదిలాబాద్ నుంచి సునంద మేడం బెరడులోంచి తీసి పంపి చాలా నెలలైంది.

ఇలా అనుకోగానే తేలికైంది. తప్పు సీసాలో ఉంటే సీసా మార్చొచ్చు.

డిసెంబర్ 3

బాపు ఫోన్ చేసిండు, సిరిసిల్ల మరమగ్గాల షెడ్డు నుంచి. సాంచల చప్పుడులో సగం వినబడలేదు.

"అయిపోయిందా బిడ్డా?"

ఇంకొక్కటి మిగిలింది బాపూ.

"పోయినసారి గూడ ఒక్కటే అన్నవ్ గద. షెడ్డుల అందరు డాక్టరమ్మ ఎప్పుడొస్తదని అడుగుతుండ్రు. నేను సంక్... సరే తియ్, చప్పుడు వినవడ్తలేదు."

ఏం చెప్పబోయి ఆగిండో. పండక్కి అందరికీ దావత్ ఇస్తానని మాటిచ్చి ఉంటాడు. అలాంటి పనులు ముందే చేస్తాడు.

డిసెంబర్ 7

ఆదిలాబాద్. సునంద మేడం ఇంట్లో.

చలి అంటే ఇదీ. బస్సు దిగేసరికి ముక్కు నాది కాదు. మేడం ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతుంది, పొద్దు కుంకాక ఇంటి వెనక రేకుల షెడ్డులో మద్ది బెరడు ఉడకబెడుతుంది. ఇల్లంతా వగరు వాసన. వాళ్లాయన నవ్వుతూ అన్నాడు — "మా ఇంట్ల కూర గూడ మద్ది చెక్కనే రజితా. అలవాటైంది." మేడం గరిట చూపించింది.

మందు పాడైందేమో అన్నాను. ఎలా అడగాలో తెలియక దారంతా మాటలు కూర్చుకున్నాను, చివరికి అడ్డంగానే అడిగాను.

"నక్కో నక్కో. నా మందు ఖరాబ్ అయ్యే సవాలే లేదు. అయినా గింత దూరం వచ్చినవ్ గద, తాజాది ఇస్త. తీస్కపో."

రాత్రికి అక్కడే. జొన్నరొట్టె, మిరపకాయల ఠేచా. మేడం అంది — ఉట్నూర్ వైపు ఊళ్లల్లో ముసలోళ్లు గుండె దడకు ఈ బెరడు కషాయం తాగుతారని చిన్నప్పటి నుంచీ చూసిందట. అది ఒంట్లో ఏం చేస్తుందో ఒక్కటన్నా ఎవరైనా కొలిచి చెప్పాలని ఆమె కోరిక. "నువ్వు చెప్పినవ్. పొర మెత్తవడ్తదని. గది చాలు నాకు."

మంచం మీద రెండు రగ్గులు కప్పింది. నిద్ర బాగా పట్టింది.

డిసెంబర్ 11

తాజా మందు. నిండలేదు.

ఇప్పుడు నాకు భయం వేస్తోంది. రాయడానికి వేరే మాట వెతికాను, దొరకలేదు.

డిసెంబర్ 14

ఆదివారం. బ్లాకులో ఎవరూ లేరు. గది చల్లగా ఉంది, వేళ్లు కొంకర్లు పోయి పిపెట్ పట్టు దొరకడం లేదు. హాస్టల్ నుంచి నా రూమ్ హీటర్ తెచ్చుకున్నాను. టేబుల్ పక్కన పెట్టి తలుపు మూశాను. మొదటి నుంచీ మొదలుపెడదామని మందు లేని పొర పెట్టాను. ఉత్త పొర.

కాల్చాను.

నిండింది. నిమిషంలో.

మందు లేదు అందులో. ఒక్క చుక్క లేదు. గిన్నెకు పాత మందు అంటుకుని ఉంటుందని, సీలు తీయని కొత్త గిన్నె తీశాను. అదీ నిండింది. అప్పుడు చూసుకున్నాను, గది ఉడికిపోతోంది.

థర్మామీటరు అడుగుదామంటే కెమిస్ట్రీ వాళ్ల గదికి తాళం. నా బ్యాగులో జ్వరం చూసుకునే థర్మామీటరు ఉంది. దాన్నే గిన్నె పక్కన ఆనించాను. ముప్పై ఏడు పైన. మనిషికైతే నార్మల్.

హీటర్ ఆపి, కిటికీ తెరిచి, బయట కూర్చుని బిస్కెట్లు తిన్నాను. సాయంత్రం మళ్లీ పెట్టాను. థర్మామీటరు అంకెలే చూపించలేదు, 'Lo' అంది. అంటే అది కొలవలేనంత తక్కువ. కాల్చాను. మచ్చ అలాగే ఉండిపోయింది.

డిసెంబర్ 15

మా కొవ్వుల మిశ్రమం ముప్పై అయిదు దగ్గర మెత్తబడుతుంది. అది నేను కలిపిందే. నాకు తెలుసు. పరీక్షలో అడిగితే నిద్రలో చెబుతాను. చలికాలం కొబ్బరినూనె గడ్డకడుతుంది, ఎండలో పెడితే కరుగుతుంది. దీనికి పీహెచ్‌డీ అక్కర్లేదు.

ఏప్రిల్, మే. పొద్దున ఏసీ నడిచేది. ఉత్త పొర. గట్టిగా ఉండేది. మధ్యాహ్నం ఎండకు మా బ్లాకు ట్రాన్స్‌ఫార్మర్ ట్రిప్ అయ్యేది. లేజరూ మైక్రోస్కోపూ ఇన్వర్టర్ మీద నడుస్తాయి, ఏసీ నడవదు. పడమటి గోడ. మూసిన కిటికీలు. లేజరు వేడి వేరే. నేను చెమట తుడుచుకుంటూ మందు వేసిన పొర కొలిచాను. అది పారింది. సార్‌కు చూపించాను. సార్ లేచి నిలబడ్డారు ఆ రోజు.

పారించింది మందు కాదు. కరీంనగర్ ఎండ.

ప్రతి రీడింగు పక్కనా 'గది ఉష్ణోగ్రత 24' అని నేనే రాశాను. ఏసీ రిమోట్ మీద అంతే ఉంటుంది. ఏసీ ఆగినా రిమోట్ మీద అంతే ఉంటుంది.

డిసెంబర్ 16

అటెండర్ చంద్రయ్యను అడిగాను, ఎండాకాలం కరెంటు వచ్చాక ఏసీ మళ్లీ వేసేవాళ్లమా అని. అతనికి గుర్తే.

"ఎందుకేస్తం మేడం? ఒక్కసారి పోయినంక మల్ల ట్రిప్ అయితే కంప్రెసర్ కాలిపోతది. సార్ నన్నే అంటడు. సాయంత్రం దాక వెయ్యద్దని మీకు గూడ జెప్పిన గద."

చెప్పాడు. నేను సరే అన్నాను. నాకు ఏసీ పడదు, జలుబు చేస్తుంది.

డిసెంబర్ 20

కెమిస్ట్రీ నుంచి పెద్ద గాజు థర్మామీటరు అడిగి తెచ్చాను. గిన్నె నీళ్లలోనే దాని కొన ముంచి కొలిచాను. ఉత్త పొరా, మందు పొరా, రెండూ ఒకే వేడిలో. ముందు ఇరవై నాలుగులో, నిజం ఇరవై నాలుగులో. తర్వాత ముప్పై ఎనిమిదిలో. ఈసారి కావాలనే వరస మార్చాను, కొత్త గిన్నెలు వాడి మందుదే ముందు పెట్టాను.

రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చల్లగా ఉంటే రెండూ గట్టి. వెచ్చగా ఉంటే రెండూ మెత్తన. మందు ఉన్నా లేనట్టే.

ఇంత శుభ్రమైన గ్రాఫు నేనెప్పుడూ గీయలేదు. విచిత్రంగా ఆ సంగతే ముందు తోచింది.

డిసెంబర్ 22

సార్ గది. గ్రాఫు టేబుల్ మీద పెట్టాను. ఎవరికో ఫోన్లో సన్మాన సభ టెంటు సంగతి చెబుతున్నారు. ముగించి చూశారు. చాలాసేపు చూశారు. ఆయనకు అర్థం కావడానికి నేను ఏమీ చెప్పనక్కర్లేదు, అంత మొద్దు మనిషి కాదు.

"ఎవరికి జెప్పినవ్?"

మీకే సార్.

"సునంద మేడంకు?"

ఇంకా లేదు.

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత నెమ్మదిగా — "ఏప్రిల్‌ల కొలిచినయ్ ఇంక ఉన్నయ్ గద, పేపర్ల పెట్టనివి. అండ్ల నుంచి ఒకటి తీసి పంపు. వాళ్లడిగింది ఇంకోసారి కొలిచి చూపియ్యుమనే గద. కొలిచినవే గద."

అబద్ధం కాదు. అదే ఇబ్బంది. ఒక్క అంకె కూడా కల్పించక్కర్లేదు.

లేచి వచ్చేటప్పుడు అడిగాను... పోయిన ఏడాది గిన్నె కింద పెట్టే వేడి కొలిచే ప్లేటు కావాలని రాసిచ్చాను, గుర్తుందా సార్? గుర్తుందన్నారు. అప్పుడు ఆయన అన్నది నాకూ గుర్తుంది. "రిమోట్ల కనవడ్తలేదా ఎన్ని డిగ్రీలున్నదో? అంత సామాను మనకెందుకు?"

ఈ రోజు ఆ మాట ఎత్తలేదు ఇద్దరం.

డిసెంబర్ 27

సిరిసిల్ల. అవ్వ తలకు నూనె పెట్టింది, ఎందుకంత చిక్కినవ్ అంది, సమాధానం కోసం ఆగలేదు.

బాపుకు చెప్పాను. షెడ్డు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాక. ఎండకు పొర మెత్తబడింది, మేము మందు వల్ల అనుకున్నాం, అని చిన్నగా. పూర్తిగా విన్నాడు. చెవులు సాంచల చప్పుడుకు మొద్దుబారాయి, అందుకని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. పక్కింటి వాళ్లకు కూడా వినబడి ఉంటుంది నా పరిశోధన.

"గా పేపరోళ్లు ఎండ సంగతి అడిగిండ్రా?"

అడగలే.

"మరి నువ్వెందుకు జెప్తవ్? నీకేమన్న పిచ్చి లేసిందా? ఆరేండ్లు సదివినవ్. సారే పంపుమంటుండు. పంపి గమ్మునుండు."

రేపు ఎవరైనా ఈ మందు నమ్మి వాడితే?

"మా తాతలకాడి నుంచి తాగుతుండ్రు గా కషాయం. ఎవ్వలు సచ్చిండ్రు?"

నిజమే, ఎవరూ చావరు. ఇంకో ఊళ్లో ఇంకో అమ్మాయి ఈ పేపరు చదివి, మళ్లీ చేసి, మచ్చ నిండక, రంగు మార్చి, గాజు కడిగి, కొవ్వు కలిపి, తనకే చేతకాదనుకుంటుంది. అంతే జరిగేది. బాపుకు ఇది చెప్పాను. అతను అవ్వ వైపు చూసిండు. అవ్వ అంది — "ఆకలైతుందా? అన్నం వెట్టాల్నా?"

బాపు మీద కోపం వచ్చింది. తిన్నాక పోయింది.

జనవరి 2

సునంద మేడంకు ఫోన్ చేశాను. ముందు కొత్త సంవత్సరం శుభాకాంక్షలు చెప్పింది, తర్వాత నేను చెప్పిందంతా వింది.

"అంటే నా మందు ఏం చెయ్యదా?"

పొర మీద ఏం చెయ్యదు మేడం. వేరే చోట చేస్తుందేమో, అది నేను కొలవలేదు.

"నాకు ప్రమోషన్ ఫైల్ల గిదే పెట్టిన రజితా. ప్రిన్సిపాల్ ముంగట చెప్పుకున్న. మావోళ్లందరికి చెప్పుకున్న." తర్వాత — "నువ్వు తప్పు చేస్తే నేనెట్ల మొఖం చూపియ్యాలె?"

పెట్టేసింది.

సాయంత్రం మెసేజ్. 'కొలిచినవన్నీ నాకు పంపు. నేను గూడ చూస్త.' పంపాను. రెండు నీలం గీతలు పడ్డాయి, అంటే చదివింది. జవాబు రాలేదు.

జనవరి 6

సార్ పిలిచారు. టెంటు ఖాయమైందట, ఊరి నుంచి బంధువులు రెండు బస్సుల్లో వస్తారట. వీటి మధ్యలో, నా వైపు చూడకుండా — "ఏమాలోచించినవ్?"

పేపరు వెనక్కి తీసుకుందాం సార్.

"నీ థీసిస్?"

గడువు ఒక ఏడాది పొడిగించమని అడుగుతాను. మీరు సిఫారసు రాస్తే.

"నేను దిగిపోయినంక నీకు కొత్త గైడు ఎవలు దొరుకుతరు? గా చాప్టర్ లేకుంట ఎవలు తీస్కుంటరు? ఇవన్ని ఆలోచించినవా?"

ఆలోచించాను. రోజూ అదే పని.

కిటికీలోంచి బయటికి చూశారు. "నీ ఇష్టం బిడ్డా. పాస్‌వర్డ్ నీదగ్గరనే ఉన్నది గద."

ఉంది. సార్ పేరుతో వెళ్లే ప్రతి మెయిలూ నేనే కొడతాను. ఆయనకు వెబ్‌సైట్లు రావు. ఆయన జర్నల్‌కు రాసిన ప్రతి 'నేను' ఈ ఆరేళ్లుగా నా వేళ్లతో రాసిందే. నేను వచ్చిన కొత్తలో నా హాస్టల్ ఫీజుకు ష్యూరిటీ సంతకం పెట్టింది ఆయనే. మంచి మనిషి. అది కూడా రాసిపెట్టుకోవాలి, లేకపోతే ఈ పేజీల్లో దొంగలా కనిపిస్తారు.

జనవరి 7

పని లేదు. మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పాను.

జనవరి 9

ఉత్తరం రాశాను, సార్ పేరు మీద. పొర వేడిని సరిగా కొలవలేదు, ఒకే వేడిలో కొలిస్తే మందుకు ప్రభావం కనబడలేదు, అందుకని ఈ పేపరును వెనక్కి తీసుకుంటున్నాము. గ్రాఫు జతచేశాను. ఇంగ్లీషులో చూస్తే ఎంత మామూలుగా ఉందో.

సార్ వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నారు. చదివారు. ఒప్పుకున్నారు. నేను ఊహించలేదు. థ్యాంక్యూ సార్ అన్నాను.

"ఒక్క మాట కలుపు."

చెప్పారు. నేను కొట్టాను. 'ఉష్ణోగ్రతను నమోదు చేయడంలో పరిశోధక విద్యార్థిని చూపిన అజాగ్రత్త వల్ల ఈ పొరపాటు జరిగింది.'

"మల్లోసారి చదువు."

చదివాను. పైకే చదివాను. వాక్యం సరిగ్గా ఉంది. ఆయన నా వైపు చూడలేదు, కీబోర్డు వైపు చూశారు. చంద్రయ్యను కేకేసి చాయ్ తెమ్మన్నారు, నాకు కూడా. "నా సర్వీసు ముప్పై ఏండ్లు బిడ్డా. ఆఖరుకు గిది ఒక్కటే గుర్తుంటది అందరికి." చాయ్ వచ్చాక — "నీకు ఇంక మస్తు టైమున్నది."

చాయ్ తాగి వెళ్లిపోయారు. పొద్దున పంపమన్నారు.

నాకు మంట పుట్టింది. ఇప్పటిదాకా ఈ వ్యవహారంలో దేనికీ ఇంత మంట పుట్టలేదు.

జనవరి 10

ఆ వాక్యం అబద్ధమా? రిమోట్ చూసి రాసింది నేనే. చంద్రయ్యకు సరే అన్నది నేనే. కాదు, అబద్ధం కాదు. ప్లేటు అడిగింది కూడా నేనే, వద్దన్నది ఆయన. పొద్దున ఉత్తది, మధ్యాహ్నం మందుది అని నేర్పింది ఆయన. అదీ అబద్ధం కాదు. సగం నిజం మీద ఇద్దరం కూర్చున్నాం, నా సగమే కాగితం మీద పెట్టారు.

ఈ ఉత్తరం ఎక్కడో ఎడిటర్ దగ్గర ఉండిపోతుందా, రేపు నా థీసిస్ పరీక్షించే వాళ్ల చేతికి వెళ్తుందా... తెలియదు. ఈ విషయంలో పనిచేసేవాళ్లు మన దేశంలో చాలా తక్కువ మంది. వాళ్లే పేపర్లు చదువుతారు, వాళ్లే థీసిస్‌లు చదువుతారు.

పొద్దున పంపలేదు. సార్ ఫోన్ — "పంపినవా?" నెట్ లేదు సార్ అన్నాను. అది మాత్రం అబద్ధం.

జనవరి 12

పంపాను.

'పరిశోధక విద్యార్థిని చూపిన అజాగ్రత్త' తీసేశాను. 'మేమిద్దరం ఉష్ణోగ్రతను కొలవకపోవడం వల్ల' అని పెట్టాను. సార్‌ను అడగలేదు. అడిగితే వద్దంటారు, వద్దంటే నేను మళ్లీ ఆ వాక్యమే పెడతాను, నా సంగతి నాకు తెలుసు.

ఆయన పేరుతో, ఆయన పాస్‌వర్డ్‌తో, ఆయన ఒప్పుకోని మాట పంపాను. ఇది కూడా తప్పే. ఏ వాక్యంలో పెట్టాలో తెలియడం లేదు.

నకలు సార్ ఇన్‌బాక్స్‌లోకి వెళ్తుంది. ఎప్పుడు చూస్తారో. పాస్‌వర్డ్ నాదగ్గర ఉంది కాబట్టి దాన్ని తుడిచేయొచ్చు కూడా. తుడవలేదు.

జనవరి 13

సార్ ఏమీ అనలేదు. చూడలేదేమో.

జనవరి 19

జర్నల్ నుంచి రెండు లైన్లు. తెలియజేసినందుకు కృతజ్ఞతలు, పేపరు మూసివేశాము. అంతే. ఆరేళ్లకు రెండు లైన్లు. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. మెస్సులో పప్పు మాడింది, దాని గురించే అందరూ మాట్లాడుకున్నారు, నేను కూడా.

సునంద మేడం మెసేజ్: 'నేను గూడ చూసిన. నువ్వు చెప్పింది కరెక్టే.' కింద ఇంకోటి — 'ప్రమోషన్ ఫైల్ల నుంచి తీసిన.' ఏం రాయాలో తెలియక చేతులు జోడించిన బొమ్మ పంపాను. ఛీ.

జనవరి 24

పొడిగింపు కాగితం తయారు చేశాను. కింద గైడు సంతకానికి ఖాళీ. సార్ వారం రోజులుగా ల్యాబుకు రావడం లేదు, సభ పనులట. చంద్రయ్య అన్నాడు — "సార్ మీ మీద కోపంగున్నడా మేడం? నన్ను మీ సంగతే అడుగుతలేడు." కోపంగా ఉంటే అడగకపోవడం ఏమిటి అన్నాను. "కోపంగుంటెనే అడగడు గద."

జనవరి 30

సభ. టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, మైకు చప్పుడు. సార్ కొత్త సఫారీ వేసుకున్నారు. శాలువాలు గుట్టగా పడ్డాయి. అందరూ ఆయన ఎందరికి చదువు చెప్పారో చెప్పారు. ఆయన మాట్లాడేటప్పుడు మద్ది బెరడు మాట ఎత్తలేదు. ఎత్తుతారేమోనని కుర్చీ పట్టుకుని కూర్చున్నాను.

విద్యార్థులంతా స్టేజీ మీదికి రమ్మన్నారు. వరసలో నా వంతు వచ్చింది. కాళ్లకు దండం పెట్టాను. లేపి, చెవి దగ్గర — "మెయిల్ చూసిన."

అంతే. తర్వాతివాళ్లు తోసుకొస్తున్నారు. ఫోటోగ్రాఫర్ దగ్గరికి జరగమన్నాడు. జరిగాము. సార్ నవ్వారు, నేను కూడా నవ్వాను. ఆ ఫోటో బాగా వస్తుంది, మా ఇద్దరికీ ఫోటోల్లో నవ్వడం వచ్చు.

జనవరి 31

సార్ ఇల్లు. హాల్లో సోఫా మీద కూర్చుని రాస్తున్నాను. ఈ రోజు దాటితే ఆయన సంతకం చెల్లదు.

తలుపు తీసింది వాళ్లావిడ. నన్ను చూసి ఎప్పటిలాగే నవ్వింది. "కూసో రజితా, సార్ స్నానం జేస్తున్నడు. నిన్న అన్నం తిన్నవా లేదా? మందిల చూసుకోలే." చాయ్ పెట్టింది. ఆమెకు తెలియదు, లేకపోతే తెలిసీ ఇలాగే ఉంది.

నిన్నటి పూలదండలు కుర్చీ మీద వాడిపోతున్నాయి. పొడిగింపు కాగితం ఒళ్లో ఉంది. పెన్ను మూత తీసి పెట్టుకున్నాను, మళ్లీ మూశాను. అడిగితే ఏం చెప్పాలో మూడు రకాలుగా అనుకున్నాను, ఒక్కటీ గుర్తు లేదు. సంతకం పెడితే ఇంకో ఏడాది నేను ఇదే పని చేసుకోవచ్చు. పెట్టకపోతే మార్చి తర్వాత నేను ఎవరూ కాను. ఆయన మీద కోపం ఇంకా పోలేదు, ఆయన నన్ను క్షమించాలని కూడా ఉంది. రెండూ ఒకేసారి ఉన్నాయి.

లోపల నీళ్ల చప్పుడు ఆగింది. వాళ్లావిడ నేనొచ్చానని చెబుతోంది. ఆయన ఏమన్నారో వినబడలేదు.